పదకొండు మంది, ఒక గైడ్, ఒక ఆవకాయ సీసా

మీ ఫోన్‌లో కూడా ఒక వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. పేరు 'గోవా ఫైనల్' లేదా 'లడఖ్ పక్కా'. క్రియేట్ చేసిన రోజు రెండొందల మెసేజ్‌లు. వారం తిరిగేసరికి ఒకడికి లీవ్ దొరకదు. ఇంకొకడికి పెళ్లిచూపులు. మరొకడు 'డేట్ ఫిక్స్ అయ్యాక చెప్పండ్రా' అని మాయమైపోతాడు. ఆఖరికి ఆ గ్రూపులో మిగిలేవి పుట్టినరోజు కేకు ఎమోజీలూ, ఐపీఎల్ మీమ్‌లూ.

ఇక అప్పుడు రెండు దారులే ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకటి, బ్యాగు తగిలించుకుని ఒంటరిగా వెళ్లిపోవడం. రీల్స్‌లో చాలా బాగుంటుంది. ఇంట్లో చెప్పడమే కష్టం. రెండోది, నలభై సీట్ల బస్సులో టూర్ ప్యాకేజీ. 'అయిదు రోజుల్లో పదహారు ప్రదేశాలు' టైపు. బస్సు దిగు, ఫొటో దిగు, బస్సెక్కు.

ఈ రెండింటికీ మధ్యలో మూడో దారి ఒకటుంది. పది, పన్నెండు మంది ఉండే చిన్న బృందం, వాళ్లతో పాటు ఆ ప్రాంతం తెలిసిన ఒక గైడ్. గత కొన్నేళ్లుగా నేను ఎక్కువగా వెళ్తున్నది ఈ దారిలోనే. దీని లాభాలు చెప్పమంటే అందరూ 'కొత్త ఫ్రెండ్స్ దొరుకుతారు' అంటారు. దొరుకుతారు, నిజమే. కానీ అసలు లాభం వేరే ఉంది. మీరు ఇవాళ మామూలుగా ఉన్నారా లేదా అని గమనించే మనిషి ఒకరు మీతో ఉంటారు. పరిస్థితి బాగాలేకపోతే 'వద్దు, ఆగు' అనే హక్కు కూడా ఆ మనిషికి ఉంటుంది. ఈ రెండూ ఎంత విలువైనవో నాకు బాగా అర్థమైంది స్పితిలో. అందుకే ఈ వారం స్పితి లెక్కలోనే మాట్లాడుకుందాం.

ఎత్తు చెప్పే లెక్క

స్పితి అంటే హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దుకి ఆనుకుని ఉన్న లోయ. చెట్లు తక్కువ, వాన తక్కువ. మట్టి రంగు కొండలు, మట్టి ఇళ్లు, కొండల అంచున బౌద్ధ ఆరామాలు. అక్కడికి వెళ్లడానికి ముఖ్యంగా రెండు రోడ్లున్నాయి. ఒకటి మనాలి నుంచి, రెండోది సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా.

మ్యాప్ తెరిస్తే మనాలి రోడ్డే దగ్గర. మనాలి నుంచి కాజా సుమారు రెండొందల కిలోమీటర్లు. 2020 అక్టోబర్‌లో తొమ్మిది కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహ్తాంగ్ కనుమ ఎక్కే పని కూడా తప్పింది. దగ్గరి దారి ఉండగా చుట్టుదారి ఎందుకు అనిపిస్తుంది. మా గైడ్ మాత్రం మమ్మల్ని చుట్టుదారిలోనే తీసుకెళ్లాడు. కారణం దూరం కాదు, ఎత్తు.

మనాలి రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి కాజా వెళ్లాలంటే 4,500 మీటర్లు దాటిన కుంజుమ్ కనుమ ఎక్కాలి. దారిలో చంద్రతాల్ సరస్సు దగ్గర ఆగితే ఆ రాత్రి నిద్ర 4,200 మీటర్ల పైన. అంటే ఒక్క రోజులో రెండు వేల మీటర్లు పైకి వెళ్లి పడుకున్నట్టు. హైదరాబాద్ ఉన్నది సముద్రమట్టానికి 500 మీటర్ల చిల్లర ఎత్తులో. ఆ ఊపిరితిత్తులకి ఇది చాలా పెద్ద షాక్.

డాక్టర్లు చెప్పే సూత్రం సింపుల్. మూడు వేల మీటర్లు దాటాక, ఇవాళ పడుకున్న ఎత్తుకీ రేపు పడుకునే ఎత్తుకీ తేడా 500 మీటర్లు మించకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రోజు ఆగాలి. పగలు ఎంత పైకి వెళ్లొచ్చినా, రాత్రి నిద్ర ఎక్కడ అన్నదే ముఖ్యం.

సిమ్లా వైపు నుంచి వెళ్తే ఈ సూత్రం దానంతట అదే కుదిరిపోతుంది. సిమ్లా 2,200. కల్పా సుమారు 2,960. టాబో 3,280. కాజా 3,700 దగ్గర్లో. కాజాలో మూడు రాత్రులు గడిపాకే చంద్రతాల్. ఆ తర్వాత మనాలికి దిగిపోవడం. శరీరానికి మెట్లు కట్టినట్టు ఉంటుంది. ఎనిమిది రాత్రులు, తొమ్మిది పగళ్లు. రెండు రోజులు ఎక్కువ పట్టినా, ఆ రెండు రోజులే మందు.

ఇదంతా గూగుల్‌లో దొరకదా? దొరుకుతుంది. కానీ మూడు రోజుల లీవ్ చేతిలో పెట్టుకుని, ఆదివారం రాత్రి ఫ్లైటు టికెట్ జేబులో పెట్టుకున్నవాడికి దగ్గరి దారే కనిపిస్తుంది. సమాచారం తెలిసి ఉండటం వేరు, దాని ప్రకారం నడిపించే మనిషి పక్కన ఉండటం వేరు.

ఆవకాయ సీసా తియ్యని రాత్రి

మా బృందంలో పదకొండు మందిమి. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, పుణె నుంచి వచ్చినవాళ్లం. ఎక్కువమంది ముప్పై లోపు వాళ్లే. ఒకావిడ మాత్రం యాభై దాటిన టీచర్ గారు. మొదటి రోజు ఎవరో 'ఆంటీ' అంటే, 'టీచర్ అనండి నాన్నా, అలవాటైపోయింది' అన్నారు. అంతే, ట్రిప్పంతా టీచర్ గారే.

బెంగళూరులో ఉద్యోగం చేసే గుంటూరు కుర్రాడు ఒకడు ఉన్నాడు. రోజూ జిమ్‌కి వెళ్తాడు, పది కిలోమీటర్లు పరుగెడతాడు. మా అందరిలో ఫిట్ వాడే. ఇంటి నుంచి అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా తెచ్చుకున్నాడు. మొదటి రాత్రి నుంచీ భోజనాల దగ్గర ఆ సీసా బల్ల చుట్టూ తిరిగేది. రాజ్మా అన్నంలోకి ఆవకాయ, థుక్పాలోకి కూడా ఆవకాయ. పుణె అమ్మాయి రెండో రోజుకే దానికి అలవాటు పడిపోయింది.

కాజా చేరిన రాత్రి అందరం భోజనానికి కూర్చున్నాం. నవ్వులు, ఫొటోలు, మామూలే. మా గైడ్ స్పితి కుర్రాడే, కాజా దగ్గర్లోని ఊరివాడు. వడ్డించడం అయ్యాక వచ్చి ఆ గుంటూరు కుర్రాడి పక్కన కూర్చున్నాడు. హిందీలో మెల్లగా అడిగాడు. 'ఇవాళ సీసా తియ్యలేదేం?'

అప్పుడు చూశాం మేం. ప్లేటులో అన్నం అలాగే ఉంది. 'ఏం లేదు భయ్యా, ఆకలి లేదు' అన్నాడు. గైడ్ వదల్లేదు. తలనొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా, నిన్న నిద్ర పట్టిందా అని ఒక్కొక్కటే అడిగాడు. మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతోందట. చెప్తే రేపు ఆపేస్తారని చెప్పలేదట. వేలికి ఆక్సిమీటర్ పెట్టారు. నీళ్లు తాగించారు. గైడ్ కాసేపు చూసి, 'రేపు నువ్వు పైకి రావు. కాజాలోనే ఉంటావు. తగ్గకపోతే కిందికి, టాబోకి' అన్నాడు.

ఆ కుర్రాడు బతిమాలాడు. మర్నాడు మేం వెళ్లాల్సింది లాంగ్జా, హిక్కిమ్, కోమిక్. మూడూ 4,400 మీటర్లకి అటూ ఇటూ ఉన్న ఊళ్లు. హిక్కిమ్‌లో పోస్టాఫీసు ఉంది, ప్రపంచంలో చాలా ఎత్తులో ఉన్న పోస్టాఫీసుల్లో అదొకటి. అక్కణ్ణించి అమ్మకి కార్డు పంపాలని అతని కోరిక. 'రాత్రికి తగ్గిపోతుందిలే' అని మాలో ఒకరిద్దరం కూడా వంత పాడాం. గైడ్ ఓటింగ్ పెట్టలేదు. 'కార్డు రాసివ్వు, నేను వేస్తాను' అన్నాడు. అంతే.

మర్నాడు టీచర్ గారు కూడా తనంతట తనే కాజాలో ఉండిపోయారు. 'నాకూ కాళ్లు నొప్పిగా ఉన్నాయి, ఇద్దరం కబుర్లు చెప్పుకుంటాం' అన్నారు. కాళ్లు నొప్పి నిజమో కాదో మాకు తెలీదు. మేం సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆ కుర్రాడు లేచి తిరుగుతున్నాడు. తలనొప్పి తగ్గింది. ఆ రాత్రి సీసా మళ్లీ బల్ల మీదికొచ్చింది. ఆ తర్వాతి రోజు కీ ఆరామానికీ, కిబ్బర్‌కీ మాతో వచ్చాడు. రెండు పూటలా గైడ్ అతన్ని కనిపెట్టి చూశాకే చంద్రతాల్‌కి సరే అన్నాడు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి ఫిట్‌నెస్‌తో సంబంధం లేదు. మారథాన్ పరుగెత్తేవాడికీ రావచ్చు, నడక కూడా అలవాటు లేనివాడికి రాకపోవచ్చు. మొదట తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. ఆ దశలో ఆగితే చాలావరకు ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. లెక్కచేయకుండా ఇంకా పైకి వెళ్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం, మెదడు వాయడం దాకా పోతుంది. అక్కడ ప్రాణమే పోవచ్చు. దాని మొదటి చికిత్స కిందికి దిగడం. మాత్రలు ఉన్నాయి, కానీ డాక్టర్‌ని అడక్కుండా వేసుకునేవి కావు.

ఒంటరిగా వెళ్లినవాడి ప్లేటు చూసేవాళ్లు ఎవరు? నలభై మంది బఫే లైన్లో ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఎవరికి తెలుస్తుంది? పదకొండు మందిలో మాత్రం ఒక పచ్చడి సీసా రాకపోయినా తెలిసిపోతుంది.

66 ఎక్కడ, 780 ఎక్కడ

గుంపుగా ప్రయాణం మనకేం కొత్త కాదు. 'కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒక్కటే' అని సామెత పుట్టిన రోజుల్లో ఒంటరిగా వెళ్లే ధైర్యం ఎవరికుంది? 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు దాదాపు వంద మంది పరివారంతో వెళ్లారు. పదిహేను నెలల తర్వాత తిరిగొచ్చారు. ఆ ప్రయాణమే 'కాశీయాత్ర చరిత్ర' అయింది. అప్పుడు వంద మంది ఉంటేనే భద్రత. ఇప్పుడు రోడ్లున్నాయి, ఫోన్లున్నాయి. భద్రత లెక్క మారింది. ఎంతమంది ఉన్నారన్నదాని కంటే, ఎంతమందికి ఒకరినొకరు తెలుసన్నది ముఖ్యం.

దీనికి కాలేజీలో చదివిన చిన్న లెక్క ఒకటి పనికొస్తుంది. పన్నెండు మంది ఉంటే, ఇద్దరిద్దరి మధ్య ఏర్పడే జతలు 66. నలభై మంది ఉంటే 780. తొమ్మిది రోజుల్లో 66 జతలూ ఏదో ఒక పూట మాట్లాడుకోగలవు. 780 జతలు కుదరని పని. అందుకే పెద్ద బస్సులో వచ్చినవాళ్లు వచ్చిన ముఠాలుగానే ఉండి, అలాగే తిరిగెళ్లిపోతారు. కిటికీ సీటు కోసం గొడవ తప్ప పక్క ముఠాతో పరిచయం ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో టీమ్‌ని చిన్నగా ఉంచాలనేది కూడా ఈ లెక్క వల్లే. మనుషులు పెరిగేకొద్దీ పని కంటే పని గురించి మాట్లాడుకోవడం ఎక్కువైపోతుంది.

ఇంకా సూటిగా ఉండే లెక్క చెప్పనా? దారిలో ధాబా దగ్గర ఒకే ఒక బాత్రూం. మనిషికి రెండు నిమిషాలు. పదకొండు మందికి 22 నిమిషాలు. నలభై మందికి 80 నిమిషాలు. అలాంటి స్టాపులు రోజుకి మూడు. మిగతాది మీరే వేసుకోండి.

సిమ్లా నుంచి కాజా రోడ్డులో కొన్ని మలుపుల్లో ఒక వాహనం ఆగితే గానీ ఎదుటి వాహనం వెళ్లదు. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ అలాంటి చోట వెనక్కి జరిగి దారిస్తుంది. రోడ్డు మీద కొండరాళ్లు పడి ఆగిపోతే, పదకొండు మందికి పక్క ఊళ్లో రాత్రికి చోటు దొరుకుతుంది. చిన్న ఊరు నలభై మందిని ఎక్కడ పడుకోబెడుతుంది?

'వద్దు' అనగలిగే మనిషి

2014 జూన్ 8 మనలో చాలామందికి గుర్తుండే తేదీ. హైదరాబాద్ నుంచి టూర్‌కి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో మండీ జిల్లా తలౌట్ దగ్గర బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో ఉన్న టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. అప్పుడు నేనూ ఇంజినీరింగ్‌లో చేరబోయే వయసువాణ్ణే. రోజుల తరబడి టీవీలో ఆ గాలింపు చూస్తూ మా వీధిలో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

అది ఆ పిల్లల తప్పు కాదు. నీళ్లు తక్కువగా, రాళ్లు తేలి, అందంగా కనిపిస్తున్న నది నిమిషాల్లో పెరుగుతుందని మైదానంలో పెరిగినవాళ్లకి చూస్తే తెలియదు. వాళ్లకి అందాల్సిన హెచ్చరిక సరిగ్గా అందలేదు. ఆ ఘటన గుర్తొచ్చినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. కొండల్లో ప్రమాదం ప్రమాదంలా కనిపించదు. ఆ నదిని రోజూ చూసేవాడికే అది తెలుస్తుంది.

మా గైడ్ తొమ్మిది రోజుల్లో చాలాసార్లు 'వద్దు' అన్నాడు. ఫొటోకి బాగుంటుందని ఒకరు కొండ అంచుకి వెళ్తుంటే వద్దన్నాడు. రోడ్డు మీద నుంచి వాగు పారే చోట్లు ఉంటాయి, వాటిని నాలా అంటారు. ఎండ ముదిరేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి వాటిలో నీళ్లు పెరుగుతాయి. అందుకే చంద్రతాల్ రోజున తెల్లవారుజామునే లేపాడు. చలిలో అందరం తిట్టుకున్నాం. పదింటికల్లా ఆ వాగులు దాటేశాక ఎవరూ మాట్లాడలేదు.

చిన్న బృందంలో ఈ 'వద్దు' పనిచేస్తుంది. ఎందుకంటే చెప్పినమాట అందరికీ వినిపిస్తుంది, కారణం కూడా చెప్పే టైముంటుంది. నలభై మందికి మైకులో చెప్తే సగం మంది ఇయర్‌ఫోన్స్‌లో ఉంటారు.

రాయి కాదు, సాలగ్రామం

గైడ్ అంటే కాపలా మాత్రమే అనుకోకండి. చూసేదానికి అర్థం చెప్పేది కూడా అతనే.

టాబోలో 996లో కట్టిన ఆరామం ఉంది. బయట నుంచి చూస్తే మట్టి గోడల గోదాములా ఉంటుంది. లోపల చీకటి. ఫొటోలు తియ్యనివ్వరు. ఒంటరిగా వెళ్తే రెండు నిమిషాల్లో బయటికొచ్చేసేవాణ్ణి. గైడ్ కాసేపు నిలబడమన్నాడు. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక గోడల మీద రంగులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వెయ్యేళ్ల నాటి బొమ్మలు. 'హిమాలయాల అజంతా' అని ఎందుకంటారో అప్పుడు అర్థమైంది. మేం పదకొండు మందిమే కాబట్టి అందరం లోపల నిశ్శబ్దంగా నిలబడగలిగాం.

లాంగ్జాలో ఒక ఆవిడ అరచేతిలో నల్లటి రాయి చూపించింది. మీద చుట్టలు చుట్టుకున్న గీతలు. మాలో విజయవాడ అమ్మాయి చూడగానే 'అరె, సాలగ్రామం!' అంది. నిజానికి చుట్టమే. మన పూజగదుల్లో ఉండే గండకీ నది సాలగ్రామాలూ, స్పితిలో దొరికే ఈ రాళ్లూ ఒకప్పటి సముద్ర జీవుల శిలాజాలు. అమ్మొనైట్లు అంటారు. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. 4,400 మీటర్ల ఎత్తున నిలబడి మనం చూస్తున్నది సముద్రపు అడుగు. గైడ్ అది చెప్పి, 'చూసి ఇచ్చెయ్యండి, కొనొద్దు' అన్నాడు. అందరూ తలా ఒకటి తీసుకెళ్తే పదేళ్లలో ఏం మిగులుతుంది?

చిచమ్ ఊరికి లోతైన లోయ మీద ఇప్పుడు వంతెన ఉంది. అది కట్టకముందు ఊరివాళ్లు తీగకి వేలాడే తొట్టెలో కూర్చుని దాటేవాళ్లు. వంతెన మీద అందరూ సెల్ఫీ తీసుకుంటారు. ఆ తొట్టె కథ తెలిశాక సెల్ఫీ కంటే ఎక్కువసేపు కిందికి చూస్తూ ఉండిపోతాం.

బస కూడా చిన్న బృందం వల్లే మారుతుంది. పదకొండు మందిమి కాబట్టి హోటల్లో కాకుండా రెండిళ్లలో సర్దుకున్నాం. మట్టి గోడలు, కప్పు మీద చలికాలానికి పేర్చిన కట్టెలు, మధ్య గదిలో ఇనప పొయ్యి. దాని చుట్టూ కూర్చుని వెన్న, ఉప్పు వేసిన టీ. మొదటి గుక్క ఎవరికీ నచ్చదు, మూడో గుక్కకి చలి పోతుంది. నీళ్లు తక్కువ కాబట్టి బాత్రూం పొడి మరుగుదొడ్డి. పని అయ్యాక మట్టి వెయ్యాలి. అదే ఆ తర్వాత పొలానికి ఎరువు. మనం కట్టే డబ్బు నేరుగా ఆ ఇంటికే చేరుతుంది.

అమ్మలు అడిగే ప్రశ్న

మన ఇళ్లలో అమ్మాయి ట్రిప్పుకి వెళ్తానంటే ఏం జరుగుతుందో మీకు చెప్పాలా? 'ఎవరెవరు వస్తున్నారు' అన్న ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఇంట్లో ఇంటర్వ్యూ నడుస్తుంది. మా ఆఫీసులో ఒకమ్మాయి ఇలాంటి బృందంలో వెళ్లడానికి ముందు, వాళ్లమ్మగారు ట్రిప్ నడిపే అమ్మాయికే ఫోన్ చేశారు. ఆక్సిజన్ సిలిండర్ గురించి అడగలేదు. 'రాత్రి రూములో మా పిల్లతో ఎవరుంటారమ్మా?' అని అడిగారు. అవతల నుంచి సూటిగా జవాబొచ్చింది. రూములో ఇంకో ఇద్దరమ్మాయిలు, వాళ్లు ఏ ఊరివాళ్లు, బస చేసే ఇంటి ఫోన్ నంబర్ ఏంటి. ఆవిడ ఫోన్ పెట్టేసి, 'స్వెట్టర్లు రెండు పెట్టుకో' అన్నారట. అదే పర్మిషన్.

ఒంటరిగా తిరిగే అమ్మాయిల ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. కానీ ఆ ధైర్యం వచ్చేదాకా ఇంట్లోనే కూర్చోనక్కర్లేదు. మొదటి ట్రిప్పుకి చిన్న బృందం మంచి మెట్టు. సిగ్నల్ లేని రోజుల్లో ఇంట్లోవాళ్లకి ఫోన్ చెయ్యడానికి ఒక నంబర్ ఉండటం చిన్న విషయం కాదు.

డబ్బు సంగతి

చిన్న బృందం అంటే ఖరీదెక్కువ అనుకుంటారు. లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణకి అనుకున్న అంకెలే. సీజన్‌ని బట్టి మారతాయి. పద్ధతి చూడండి.

ఇద్దరు ఫ్రెండ్స్ తొమ్మిది రోజులకి కారు మాట్లాడుకున్నారు. రోజుకి 4,500 అనుకుంటే 40,500. మనిషికి 20,250. అదే పదకొండు మంది టెంపో ట్రావెలర్, రోజుకి 8,000 అనుకుంటే 72,000. మనిషికి సుమారు 6,550. గైడ్‌కి రోజుకి 2,500 అనుకుంటే మొత్తం 22,500. ఇద్దరైతే తలా 11,250, పదకొండు మందైతే సుమారు 2,050.

నలభై మందైతే? గైడ్ ఖర్చు మనిషికి 560 చిల్లర. అంటే పదకొండు నుంచి నలభైకి వెళ్తే గైడ్ మీద మిగిలేది సుమారు 1,500 రూపాయలు. తొమ్మిది రోజులకి. ఆ పదిహేను వందలకి మీరు వదులుకునేది, మీ ప్లేటు వైపు చూసే మనిషిని.

కష్టాలూ ఉన్నాయి

అంతా పూలబాట అని చెప్పను. పదకొండు మందిలో ఒకరు రోజూ లేటే. ఒకరి ప్లేలిస్టు ఇంకొకరికి తలనొప్పి. మీకు ఆ వాగు పక్కన గంటసేపు ఒంటరిగా కూర్చోవాలనిపిస్తుంది, బండి కదిలే టైమవుతుంది. ఒంటరిగా వెళ్లే ప్రయాణంలో ఉండే స్వేచ్ఛ ఇందులో ఉండదు. గురక పెట్టే రూమ్మేట్ వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి.

అన్నిటికంటే ముఖ్యం, చిన్న బృందం అని పేరు పెట్టుకున్న ప్రతిదీ మంచిది కాదు. గైడ్ పేరుతో ఆ ఊరు మొదటిసారి చూస్తున్న కుర్రాణ్ణి పంపేవాళ్లున్నారు. పన్నెండు అని చెప్పి, చివరికి రెండు బళ్లు కలిపి ఇరవై నాలుగు చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే అడ్వాన్స్ కొట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి.

గరిష్ఠంగా ఎంతమంది? ఆ అంకె రాసిస్తారా?

ఏ రాత్రి ఏ ఊళ్లో, ఎంత ఎత్తులో నిద్ర? ఎత్తు ప్రదేశమైతే మొదటి రాత్రే నాలుగు వేల మీటర్లు అన్న ప్లాన్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? వాళ్లతో ఎవరు ఉంటారు? కిందికి దించడానికి బండి ఎక్కణ్ణించి వస్తుంది? ఈ ప్రశ్నకి 'అలాంటివేం జరగవు సార్' అన్నారంటే, వాళ్ల దగ్గర ప్లాన్ లేదని అర్థం.

ఆక్సిజన్ సిలిండర్, ఆక్సిమీటర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉన్నాయా?

బండికి పసుపు రంగు నంబర్ ప్లేటు ఉందా? డ్రైవర్‌కి కొండ రోడ్లు అలవాటేనా? రాత్రి పూట నడుపుతారా?

రోడ్డు మూసుకుపోతే, ట్రిప్పు రద్దయితే డబ్బు సంగతేంటి? రూములు ఎలా పంచుతారు?

మీ వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ఆస్తమా, బీపీ, గర్భం, ఏదైనా ఆపరేషన్, ఏ మందైనా పడకపోవడం లాంటివి ముందే చెప్పండి, మీ డాక్టర్‌నీ అడగండి. తలనొప్పి వస్తే దాచకండి. ట్రిప్పు పోతుందని దాస్తే, పోయేది ట్రిప్పు ఒక్కటే కాకపోవచ్చు.

ఇవన్నీ అడగడానికి టైము లేదంటారా? అయితే ఒక్కటే అడగండి. 'మాతో వచ్చే గైడ్ పేరేంటి, ఆయనది ఏ ఊరు? ఒకసారి మాట్లాడొచ్చా?' వెంటనే పేరు చెప్పి నంబర్ ఇచ్చారంటే మీ వెంట నిజంగా ఒక మనిషి వస్తున్నాడని అర్థం. 'అది బయల్దేరే ముందు చెప్తాం సార్' అన్నారంటే, వస్తున్నది బండి మాత్రమే.